రోజూ దానిమ్మ పెట్టినా కోడలికి రక్తం ఎందుకు పెరగలేదు?

ప్రశ్న: మేడమ్, మాది చంద్రగిరి దగ్గర పల్లె. మా కోడలికి తొలి కాన్పు, ఇప్పుడు ఆరో నెల. మూడో నెలలో రక్తం 10.4 ఉందన్నారు. పోయిన వారం తిరుపతిలో చూపిస్తే 9.2 అన్నారు. నా వైపు నుంచి నేనేం లోటు చెయ్యలేదు. రోజుకో దానిమ్మకాయ, పొద్దున్నే బీట్‌రూట్ జ్యూస్, రాత్రి పాలు, ఖర్జూరాలు. ఆశా అమ్మాయి ఇచ్చిన ఎర్ర మాత్రలు వేసుకుంటే కడుపులో తిప్పుతుందని, మోషన్ నల్లగా పోతోందని కొన్నాళ్లు మానేసింది. ఇప్పుడు మర్చిపోకుండా ఉండాలని రాత్రి అన్నం కాగానే కాల్షియం మాత్ర, ఐరన్ మాత్ర రెండూ పాలతో మింగిస్తున్నాను. ఆ మాత్రలు వేడి చేస్తాయని, బిడ్డ నల్లగా పుడుతుందని మా వీధిలో అంటారు. మాత్రలు లేకుండా తిండితోనే రక్తం పెంచలేమా? మేము మాంసం తింటాం గానీ శనివారం తినం, వెంకటేశ్వర స్వామి నెల అని పెరటాసి నెలంతా ముట్టం. కోడలు శనివారాలు ఒక్కపొద్దు కూడా ఉంటుంది. సూది ద్వారా ఐరన్ ఎక్కిస్తే ఒక్కసారితో పోతుంది కదా అని మా అబ్బాయి అంటున్నాడు. నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యమంటారు?
— ఒక అత్త

సమాధానం:

అమ్మా, మీరు పెడుతున్న వాటి జాబితా అంతా చదివాక నాకు అనుమానం వచ్చింది రాత్రి పాల గ్లాసు మీద. ఐరన్ మాత్ర, కాల్షియం మాత్ర, వాటి వెనక పాలు. ఈ మూడూ ఒకేసారి లోపలికి వెళ్తే ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. పేగుల్లో ఐరన్‌ను కాల్షియం అడ్డుకుంటుంది. పాలలో ఉండేదీ కాల్షియమే. కోడలు మాత్ర మింగుతోంది నిజమే, అందులో ఎక్కువ భాగం అట్నుంచి అటే బయటికి పోతోంది. మర్చిపోకూడదని మీరు చేసిన ఏర్పాటు మంచిదే, వేళ మార్చితే చాలు.

కాబట్టి ఈ రోజు నుంచే ఆ రెండు మాత్రల మధ్య కనీసం 2 గంటలు ఎడం పెట్టండి. కాల్షియం భోజనంతో వేసుకునే మాత్ర. డాక్టరు రోజుకు రెండు రాసి ఉంటే టిఫిన్‌తో ఒకటి, మధ్యాహ్నం అన్నంతో ఒకటి. ఐరన్ మాత్ర రాత్రి భోజనమయ్యి గంటన్నర, రెండు గంటలయ్యాక, పడుకోబోయే ముందు. పాలతో వద్దు, మామూలు నీళ్లతోనో, అరచెక్క నిమ్మకాయ పిండిన నీళ్లతోనో మింగమనండి. పడుకునే ముందు వేసుకుంటే కడుపులో తిప్పే బాధ కూడా నిద్రలో తెలియకుండా పోతుంది. పాలు మానిపించొద్దు. సాయంత్రం ఐదింటికి ఇవ్వండి, అప్పుడు దేనికీ అడ్డం కావు.

9.2 అంటే ఎంత తక్కువో చెబుతాను. కడుపుతో ఉన్నప్పుడు హిమోగ్లోబిన్ 11 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనత అంటారు. 10 నుంచి 10.9 వరకు కొద్దిపాటిది, 7 నుంచి 9.9 వరకు మధ్యస్థం, 7 కంటే తగ్గితే ప్రమాదం. మీ కోడలిది మధ్యస్థం. భయపడి ఏడ్చేంత కాదు, పోనీలే అని వదిలేసేంతా కాదు. కాన్పుకు ఇంకా మూడు నెలలు చిల్లర ఉంది. సరిగ్గా చేస్తే ఆ టైము సరిపోతుంది. ఈ ఇబ్బంది మీ ఇంట్లోనే ఉందని కూడా అనుకోవద్దు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద గర్భిణుల్లో 52 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. మన రాష్ట్రంలోనూ సగానికి పైనే.

మూడో నెలకూ ఆరో నెలకూ అంకె కొంత తగ్గడం సహజం కూడా. ఈ నెలల్లో ఒంట్లో రక్తం పరిమాణం బాగా పెరుగుతుంది. అందులో నీటి భాగం పెరిగినంత వేగంగా ఎర్ర కణాలు పెరగవు. గట్టి మజ్జిగలో నీళ్లు పోసినట్టు రక్తం పలచబడుతుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ మధ్య మూడు నెలలకు మాత్రం 10.5ను హద్దుగా తీసుకుంటుంది. అయితే 9.2 ఆ హద్దు కన్నా కూడా కిందే ఉంది. దాన్ని పలచబడటం మీద నెట్టేసి ఊరుకోలేం.

ఇక దానిమ్మ సంగతి. మన ఊళ్లలో ఎర్రగా కనబడేదల్లా రక్తం పట్టిస్తుందని ఒక నమ్మకం. తిరుపతి ఆసుపత్రుల దగ్గర పండ్ల బండ్ల వ్యాపారం సగం ఆ నమ్మకం మీదే నడుస్తుంది. లెక్క చూడండి. 100 గ్రాముల దానిమ్మ గింజల్లో ఇనుము 0.3 మిల్లీగ్రాములు. బీట్‌రూట్‌లో ఒక మిల్లీగ్రాము కూడా లేదు. గర్భిణికి రోజుకు 27 మిల్లీగ్రాములు కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతుంది. దానిమ్మతోనే అది తీర్చాలంటే రోజుకు 9 కిలోల గింజలు తినిపించాలి. ఖర్జూరం వీటికన్నా నయం, అయినా మూడు నాలుగు ఖర్జూరాలకు వచ్చేది ఒక మిల్లీగ్రాము అటూ ఇటూ. ఇవన్నీ మంచి తిండే, పెట్టొద్దని నేననను. కానీ దానిమ్మకు పెట్టే డబ్బులతో మీ ఊరి సంతలో ఆకుకూర, అలసందలు, కోడిగుడ్లు వస్తాయి.

ఒక జాగ్రత్త. జ్యూసులు, పాలలో ఖర్జూరాలు, బెల్లం ఉండలు అన్నీ కలిపి చక్కెర ఎక్కువయ్యే ప్రమాదం ఉంది. 24 నుంచి 28 వారాల మధ్య గర్భిణికి షుగర్ పరీక్ష చెయ్యాలి. కోడలు ఇప్పుడు ఆ వారాల దగ్గర్లోనే ఉంది. చేశారో లేదో అడగండి.

మాత్రలు లేకుండా తిండితోనే పెంచలేమా అన్నారు. మీ ప్రశ్నలన్నిట్లో నేను ఖచ్చితంగా కుదరదు అని చెప్పేది ఇదొక్కటే. గర్భం మొత్తానికి అవసరమయ్యే ఇనుము దాదాపు 1000 మిల్లీగ్రాములు. అందులో 300 దాకా బిడ్డకూ మాయకూ, 500 దాకా తల్లిలో పెరిగే ఎర్ర కణాలకూ పోతుంది. మిగిలింది రోజువారీ నష్టం. అన్నం, పప్పు, ఆకుకూరల్లోని ఇనుములో ఒంటికి పట్టేది నూటికి 10 పాళ్లకు మించదు, చాలాసార్లు ఐదే. అంటే 27 మిల్లీగ్రాములు లెక్క ప్రకారం తిన్నా రక్తంలో చేరేది ఒకటిన్నర నుంచి రెండున్నర. చివరి నెలల్లో ఒంటికి రోజూ కావలసింది దీనికి రెట్టింపు కన్నా ఎక్కువ. పెళ్లికి ముందే ఒంట్లో నిల్వ బాగా ఉన్న అమ్మాయి ఆ నిల్వలోంచి తీసుకుంటుంది. మన అమ్మాయిల్లో ఆ నిల్వ ఎందరికి ఉంటుంది చెప్పండి. పన్నెండో ఏటి నుంచి నెలనెలా పోవడమే గానీ పూడ్చింది తక్కువ. ఒక ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. లోటును మాత్ర పూడుస్తుంది. పూడిన దాన్ని తిండి నిలబెడుతుంది. రెండూ కావాలి.

2018లో మొదలైన అనీమియా ముక్త్ భారత్ అనే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం ప్రకారం మామూలు గర్భిణికి నాలుగో నెల నుంచి రోజుకు ఒక మాత్ర, 180 రోజులు. హిమోగ్లోబిన్ 7కీ 10.9కీ మధ్య ఉంటే రోజుకు రెండు మాత్రలు, మామూలు స్థాయికి వచ్చేవరకు. మీ కోడలు ఇప్పుడు ఒకటే వేసుకుంటున్నట్టుంది. ఈ వారంలోనే మీ ఊరి నర్సు ఏఎన్ఎమ్‌ను గానీ మీ డాక్టర్ని గానీ కలిసి రెండో మాత్ర సంగతి అడగండి, మీ అంతట మీరే పెంచొద్దు. రెండు వేసుకోమంటే రెండోదానికి పదకొండు గంటల వేళ బాగుంటుంది. టిఫిన్ అరిగి ఉంటుంది, మధ్యాహ్నం అన్నానికి ఇంకా టైముంటుంది. పక్కన ఒక జామకాయ ముక్క తినమనండి.

మోషన్ నల్లగా పోవడం చూసి భయపడొద్దు. ఒంటికి పట్టని ఇనుము అలా బయటికి వస్తుంది. మాత్ర వేసుకునే చాలామందికి ఉండేదే. మలబద్ధకం వస్తే నీళ్లు, ఆకుకూరలు, జామపండు పెంచండి, సాయంత్రం కాస్త నడిపించండి. కడుపులో తిప్పితే మాత్ర మానేయించకండి, ముందు వేళ మార్చి చూడండి. ఖాళీ కడుపున తట్టుకోలేకపోతే తిన్న గంటకు వేసుకోనివ్వండి. కొంచెం తక్కువ పట్టినా నష్టం లేదు, అసలు వేసుకోకపోవడం కన్నా అదే మేలు. అప్పటికీ వాంతులు ఆగకపోతే డాక్టరు వేరే రకం ఐరన్ రాస్తారు, అడగడానికి మొహమాటపడొద్దు.

వేడి గురించి వాదన పెట్టుకోను. కడుపులో మంటను మన వాళ్లు వేడి అంటారు, ఆ మంట కొందరికి నిజంగానే ఉంటుంది, దానికి పైన చెప్పిన వేళల మార్పే మందు. బిడ్డ నలుపు మాట మాత్రం పూర్తిగా తప్పు. బిడ్డ రంగు తల్లిదండ్రుల నుంచి వస్తుంది. మాత్రకూ దానికీ సంబంధం లేదు. ఇంకో మాట కూడా మీ వీధిలో వినే ఉంటారు, మాత్రలేస్తే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందని. నిజానికి రక్తం తక్కువున్న తల్లికే కష్టాలు ఎక్కువ. నెలలు నిండకుండా కాన్పు అవ్వొచ్చు, బిడ్డ బరువు తక్కువగా పుట్టొచ్చు. కాన్పులో ఎంతో కొంత రక్తం అందరికీ పోతుంది. 12 ఉన్న అమ్మాయి తట్టుకునేదాన్ని 8 ఉన్న అమ్మాయి తట్టుకోలేదు.

మీరు రాయని సంగతి ఒకటి అడుగుతాను. కోడలు కాఫీ ఎప్పుడు తాగుతుంది? చిత్తూరు, తిరుపతి వైపు టిఫిన్ ప్లేటు పక్కన కాఫీ గ్లాసు లేని ఇల్లు నాకు పెద్దగా తెలియదు. ఇడ్లీ ఒక ముద్ద, కాఫీ ఒక గుటక. ఆ అలవాటు ఐరన్‌కు పెద్ద శత్రువు. కాఫీలో, టీలో ఉండే ఒగరు పదార్థాలు తిండిలోని ఇనుమును పట్టేసుకుని వదలవు. భోజనంతో పాటు టీ తాగితే అందులోంచి ఒంటికి పట్టే ఇనుము సగానికి పైగా పడిపోతుంది. కాఫీ మానేయమని చెప్పను, చెప్పినా వినరు. తినడానికి గంట ముందో, తిన్నాక గంటన్నరకో తాగమనండి. రోజుకు రెండు చిన్న గ్లాసులు దాటనివ్వకండి. ఇంట్లో అందరూ టిఫిన్‌తో తాగుతూ ఆమెను ఒక్కదాన్నీ ఆగమంటే కుదరదు. ఈ నెలలన్నీ అందరి కాఫీ వేళా మార్చుకోండి. మీ అబ్బాయితో సహా.

ఇప్పుడు వంటింట్లోకి వెళ్దాం. మన సీమ తిండి రక్తానికి చాలా మంచిది, మనం దాన్ని పాతకాలపు తిండి అని పక్కన పెట్టాం అంతే. ఉలవల్లో 100 గ్రాములకు దాదాపు 9 మిల్లీగ్రాముల ఇనుముంది. నల్ల నువ్వుల్లో 13 దాకా. శనగల్లో ఆరున్నర పైన. అలసందలు, పెసలు ఐదు దగ్గర. చెనిక్కాయల్లో మూడు పైచిలుకు. రాగుల్లో నాలుగున్నర, మునగాకులో, చిర్రాకులో (తోటకూరలో ఒక రకం) కూడా అంతే. మునగాకుకు ఇంకో గొప్పతనం ఉంది, దాంట్లోనే విటమిన్ సి కూడా దండిగా ఉంటుంది. పెరట్లో మునగచెట్టు పెట్టుకుని కాయలు కోసి ఆకు పారేసే ఇళ్లు చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

రాగుల గురించి ఒక నిజం చెప్పాలి. సంగటి తింటే రక్తం పడుతుందని అందరూ అంటారు. రాగుల అసలు బలం కాల్షియం. ఇనుము ఉంది గానీ దాన్ని పట్టి ఉంచే పదార్థాలు కూడా రాగుల్లోనే ఎక్కువ. కాబట్టి రాగుల్ని మన పెద్దవాళ్లు వాడినట్టే వాడండి. రాత్రి పులియబెట్టిన అంబలి, మొలకెత్తించి ఎండబెట్టి పట్టించిన పిండితో జావ. పులిసినా, మొలకెత్తినా ఆ పట్టు సడలుతుంది. శనగలు, పెసలు, అలసందలు కూడా అంతే, రాత్రి నానబెట్టి నీళ్లు పారబోసి మొలక వచ్చాక వండితే లాభం. ఇడ్లీ, దోసెల పిండి పులియడం కూడా ఇందులో భాగమే.

రెండో సూత్రం పులుపు. ఆకుకూరలో, పప్పులో ఉన్న ఇనుము దానంతటది సరిగా పట్టదు, దాని పక్కన విటమిన్ సి ఉంటే పట్టడం బాగా పెరుగుతుంది. ఉసిరికాయలో అది అన్నిటికన్నా ఎక్కువ, జామకాయ దాని తర్వాత. నిమ్మ ఎప్పుడూ దొరుకుతుంది. కాకపోతే నిమ్మరసాన్ని పొయ్యి మీద మరిగించకండి, వేడికి విటమిన్ పోతుంది. దించాక పిండండి. ఏడాది కిందటి ఉసిరి ఊరగాయలో ఆ విటమిన్ పెద్దగా మిగలదు, రుచికి తినొచ్చు. పుల్లకూర, టమోటా పప్పు లాంటివి ఇనప బాండలిలో వండితే బాండలిలోని ఇనుము కొంత కూరలోకి దిగుతుంది. అటకెక్కించిన పాత బాండలి ఉంటే దించండి, వండగానే వేరే గిన్నెలోకి తీసేయండి.

మీ ఇంటి పద్ధతిలో ఒక రోజు ఎలా ఉండొచ్చో చెబుతాను, ఇలాగే ఉండాలని కాదు. పొద్దున పెసరట్టో, ఇడ్లీయో, చెనిక్కాయ చట్నీతో, కాఫీ లేకుండా. పదకొండింటికి జామకాయ. మధ్యాహ్నం అన్నంలోకి మునగాకు పప్పు, గుడ్డు, ఒక నిమ్మచెక్క, పచ్చి ఎర్రగడ్డ ముక్కలు. చివర పెరుగన్నం తిననివ్వండి. పెరుగులో కాల్షియం ఉంది కదా అని మీరు అడుగుతారని తెలుసు. ప్రతి ముద్దకూ ఇంత లెక్క వేస్తే తిండి సహించదు. మాత్ర దగ్గర లెక్క పాటించండి, అన్నం దగ్గర కొంచెం వదిలేయండి. సాయంత్రం ఉలవ గుగ్గిళ్లో, మొలకెత్తిన పెసలో, ఆ తర్వాత పాలు. రాత్రి సంగటి, చిర్రాకు పులగూర. అనపకాయల కాలంలో పితికిపప్పు వారానికి మూడు సార్లు చేసినా మీ ఇంట్లో ఎవరూ కాదనరనుకుంటాను. ఆకుకూర అంటే ఉడికాక ఒక కప్పు ఉండాలి, పప్పులో నాలుగు ఆకులు కనబడితే సరిపోదు.

ఉలవలు, నువ్వులు వేడి అని, గర్భం నిలవదని కొందరు ముట్టనివ్వరు. వంటలో వాడే మోతాదుకు అలాంటిదేమీ జరగదు. అయినా మీ మనసు ఒప్పుకోకపోతే పోట్లాట పెట్టుకోకండి, శనగలు, అలసందలతో కానివ్వండి. బొప్పాయి విషయంలో పచ్చికాయ వద్దు, బాగా మాగిన పండు కొద్దిగా తింటే ఇబ్బంది లేదు.

మాంసం తినే రోజుల్లో దాన్ని ఆకుకూర, పప్పులతో కలిపి పెట్టండి. మాంసంలో ఇనుము నేరుగా పడుతుంది, పక్కనున్న ఆకుకూరలోని ఇనుము పట్టడానికి కూడా సాయం చేస్తుంది. చేపలూ మంచివే. కోడి కార్జంలో ఇనుము బాగా ఉంది గానీ విటమిన్ ఏ కూడా మరీ ఎక్కువ, కడుపుతో ఉన్నవాళ్లు దాన్ని రోజూ తినకూడదు. ఎప్పుడైనా రెండు ముక్కలు చాలు. కోడిగుడ్డులో ఇనుము కొంచెమే, ఒక్కోదానికి ఒక మిల్లీగ్రాము. అయినా మాంసకృత్తుల కోసం, బి12 కోసం రోజూ ఒకటి కావాలి.

అక్కడే పెరటాసి వస్తుంది. స్వామి మీద మీ నమ్మకాన్ని నేను ప్రశ్నించను, తిరుపతి చుట్టుపక్కల పుట్టి పెరిగినవాళ్లకు ఆ నెల అంటే ఏంటో నాకు తెలుసు. ఆ నెల రోజులు మాంసం లేకపోయినా కొంప మునగదు. మొలకలు, మునగాకు, ఉలవలు, చెనిక్కాయలు, పాలు, పెరుగు ఉన్నాయి, మాత్ర ఎలాగూ ఉంది. కానీ ఒక్కపొద్దు వేరు. ఆరో నెల కడుపుతో ఒక పూట తిని ఉండటం ఆమెకూ బిడ్డకూ మంచిది కాదు. ఈ ఏడాది ఆమె ఒక్కపొద్దు మీరు తీసుకోండి. ఆమె తరఫున మీరు ఉండి, ఆమెకు మూడు పూటలా మీ చేత్తో వడ్డించండి. మొక్కు ఎగ్గొట్టానన్న బాధ కోడలికి ఉండదు. ఇది అత్త చెబితేనే సాగుతుంది, డాక్టరు చెబితే సాగదు.

వడ్డించడం అన్నాను కాబట్టి ఇంకో మాట. మన ఇళ్లలో కోడలు అందరికీ పెట్టి చివర్లో తింటుంది. అప్పటికి పప్పులో పప్పు ఉండదు, కూరలో రసమే మిగులుతుంది. మీ ఇంట్లో అలా లేకపోతే సంతోషం. ఉంటే ఈ నెలల్లో ఆమె మొదటి పంక్తిలో కూర్చోవాలి.

మీ అబ్బాయి చెప్పిన సూది గురించి. దాన్ని చాలామంది రక్తం ఎక్కించడం అనుకుంటారు, కాదు. ఐరన్ సుక్రోజ్ గానీ ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ గానీ సెలైన్‌లో కలిపి నరం ద్వారా ఇస్తారు. మాత్రలు పడనివాళ్లకు, వేసుకున్నా పెరగనివాళ్లకు, నెలలు దగ్గరపడినా రక్తం బాగా తక్కువున్నవాళ్లకు అది మంచి మార్గం. కొందరికి రియాక్షన్ రావచ్చు కాబట్టి ఆసుపత్రిలో, చూసుకునే మనుషుల మధ్యే ఇవ్వాలి. సుక్రోజ్ అయితే ఒక్క విడతతో అయిపోదు, కొన్ని విడతలుగా ఇస్తారు. మీ కోడలికి ఇంకా టైముంది, మాత్ర సరిగ్గా ఒక నెల వేసి చూడటం న్యాయం. ఒక నెల తర్వాత మళ్లీ రక్తపరీక్ష చేయించండి. వీలైతే అదే ల్యాబులో, ఎందుకంటే వేలి చుక్కతో చూసే మిషనుకూ ల్యాబు మిషనుకూ అంకెలు కొంచెం తేడా వస్తాయి. ఒక గ్రాము పెరిగితే దారిలో ఉన్నట్టే. పెరగకపోతే సూది సంగతి, దాంతోపాటు ఇతర కారణాల సంగతి డాక్టరును అడగండి.

ఇతర కారణాల్లో మన పల్లెల్లో మొదట చూడాల్సింది నులిపురుగులు. కొంకిపురుగు పేగులకు అతుక్కుని రోజూ కొంచెం కొంచెం రక్తం తాగుతుంది. అది మట్టిలోంచి పాదాల ద్వారా ఎక్కుతుంది కాబట్టి పొలానికి, పెరటికి చెప్పులు లేకుండా వెళ్లనివ్వకండి. మొదటి మూడు నెలలు దాటాక గర్భిణికి ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి ఇవ్వాలని ప్రభుత్వ పద్ధతిలో ఉంది. మీ కోడలికి ఇచ్చారో లేదో కార్డులో చూడండి. బి12 లోటు, థలసీమియా అనే పుట్టుకతో వచ్చే రక్తదోషం ఉన్నవాళ్లకు కూడా ఐరన్‌తో మాత్రమే అంకె కదలదు. దానికి వేరే పరీక్షలున్నాయి. ఇంకొకటి, కోడలికి బలపం, మట్టి, విబూది, పచ్చి బియ్యం లాంటివి తినాలనిపిస్తోందా అని మెల్లగా అడగండి. చాలామంది సిగ్గుపడి చెప్పరు. అది వేవిళ్ల కోరిక అని నవ్వేస్తారు గానీ, చాలాసార్లు ఐరన్ తగ్గిందని ఒళ్లు చెప్పే గుర్తు అది. తిట్టకండి, డాక్టరుతో చెప్పించండి.

నాలుగు మెట్లెక్కితే ఆయాసం, కూర్చున్నా గుండెదడ, కళ్లు తిరగడం, మొహం చేతులు వాపు కనబడితే నెల ఆగొద్దు, ఆ రోజే ఆసుపత్రికి. అంకె 7 కిందికి వస్తే ఇంటి వైద్యం మాట ఎత్తొద్దు. తిరుపతిలో ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి మీకు దగ్గరే.

ఖర్చుల గురించి మీరు రాయలేదు గానీ ప్రైవేటుకు వెళ్తుంటే పనికొస్తుందని చెబుతున్నాను. ప్రతి నెల 9వ తేదీన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు డాక్టరు పరీక్ష, రక్తపరీక్ష ఉచితం. 2016 నుంచి నడుస్తోంది. ఎర్ర మాత్రలకు డబ్బు పెట్టనక్కర్లేదు, ఆశా ఇచ్చేవే మంచివి. ఖరీదైన మాత్రలో ఇనుము ఎక్కువ ఉంటుందనుకోవడం పొరపాటు. అంగన్‌వాడీలో పాలు, గుడ్డు, భోజనంతో పాటు రాగిపిండి, అటుకులు, బెల్లం, చిక్కీ, ఎండు ఖర్జూరాల్లాంటివి కిట్టుగా ఇస్తూ వచ్చారు. ప్రభుత్వం మారినప్పుడల్లా దాని పేరు మారుతుంది, పేరుతో మనకేం పని. కోడలి పేరు నమోదైందో లేదో కనుక్కోండి. కిట్టు వచ్చాక అది ఇంట్లో పిల్లలందరికీ పంచిపెట్టే సామాను కాదని మాత్రం గట్టిగా చెప్పండి.

కాన్పు అయ్యాక మాత్రలు ఆపేస్తారు చాలామంది. ఆపకూడదు, ఆ తర్వాత 180 రోజులు రోజుకొకటి ఉండాలి. కాన్పులో పోయింది పూడాలి, పాలిచ్చే ఒళ్లు కోలుకోవాలి. బాలింత పథ్యం పేరుతో ఆకుకూర, పప్పు, పండు అన్నీ ఆపి కారం పొడి అన్నంతో నెట్టడం మన వైపు ఇంకా ఉంది. వెల్లుల్లి కారం పెట్టండి, దాని పక్కన ఆకుకూర కూడా పెట్టండి. తల్లి ఆకుకూర తింటే బిడ్డకు విరేచనాలు కావు.

తొలి కాన్పు కాబట్టి సీమంతం అయ్యాక పుట్టింటికి వెళ్తుందేమో. చాలామందికి మాత్రలు అక్కడే ఆగిపోతాయి. అత్తింటి ఊరి ఆశా దగ్గర కార్డు, పుట్టింట్లో మాత్రలు లేవు. పంపే ముందు నెలకు సరిపడా మాత్రలు, మాతా శిశు సంరక్షణ కార్డు, రెండు రక్తపరీక్ష రిపోర్టులు ఆమె సంచిలో పెట్టండి. ఏ మాత్ర ఏ వేళకో ఒక కాగితం మీద రాసి మీ వియ్యపురాలి చేతికివ్వండి.